ఆనందపురం వైను

స్టీలు ట్యాంకులు అతకడానికి వెళ్ళి వైను చేయడం నేర్చుకుని వచ్చినవాడు జోజి. గోపాలపట్నంలో వాళ్ళింటికీ మా ఇంటికీ మధ్య ఒకటే గోడ. వాళ్ళ నాన్న రైల్వేలో ఖలాసీగా చేసి పోయాడు. జోజి టెన్త్ తప్పి ఆటోనగర్‌లో ఒక షెడ్డులో వెల్డింగు నేర్చుకున్నాడు. పల్చటి స్టీలు రేకుని కాలిపోకుండా, అతుకు కనపడకుండా అతికే ఆర్గాన్ వెల్డింగు అతని చేతికి బాగా పట్టుబడింది. నేను హైస్కూల్లో తెలుగు చెప్పేవాణ్ణి. నా క్లాసులో ఒక్క పూటా కూర్చోకపోయినా నన్ను మేస్టారూ అనే పిలుస్తాడు.

కృపావతితో పెళ్ళయిన కొత్తలో ఒక కాంట్రాక్టరు ఇక్కడి వెల్డర్లను పోగుచేసి నాసిక్ తీసుకెళ్ళాడు. అక్కడ వైను ఫ్యాక్టరీలు ఒకదాని తర్వాత ఒకటి లేస్తున్న రోజులవి. ట్యాంకులు నిలబెట్టే పని వేసవిలోపు అయిపోయింది. మిగతావాళ్ళు రైలెక్కి వచ్చేశారు. జోజి ఉండిపోయాడు. ఎందుకు ఉండిపోయావని చాలా ఏళ్ళ తర్వాత అడిగాను.

"నాను అతికిన ట్యాంకులో ద్రాక్షరసం పోసినారు మేస్టారూ. రెండో రోజుకి లోపల సప్పుడు మొదలైంది. సెవి ఆనిస్తే రేకు మీద సన్నగా వాన పడతన్నట్టు ఉండేది. దాన్ని ఒగ్గేసి రాబుద్ది కాలేదు" అన్నాడు.

మొదట ట్యాంకులు కడిగే పని. తర్వాత పైకి తేలిన తొక్కల్ని కర్రతో కిందికి తొక్కే పని. తర్వాత తోటలో తీగ కత్తిరించే పని. మరాఠీ వచ్చింది. రుచి పట్టడానికి నాలుక కుదిరింది. పదిహేనేళ్ళు దాటేసరికి ఏ ట్యాంకులో రసం ఎప్పుడు దించాలో అడగడానికి అక్కడి చదువుకున్న దొరలు జోజిని పిలిచేవారని అతనే చెప్పేవాడు. కొంచెం ఎక్కువే చెప్పేవాడేమో కూడా. ఏడాదికోసారి సెలవు పెట్టుకుని ఇంటికొచ్చి, అరుగు మీద కూర్చుని, నాకు తెలియని ద్రాక్ష పేర్లు చెబుతుంటే నేను తలూపేవాణ్ణి.

ఇంట్లో మాత్రం వాటి ఊసు లేదు. కృపావతి ఊరు సబ్బవరం అవతల పల్లె. ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పుడు వాళ్ళ నాన్న నాటుసారా తాగి రెండు కళ్ళూ పోగొట్టుకుని, వారం తిరక్కుండా పోయాడు. ఆ పల్లెలో అలా పోయినవాళ్ళు ఇంకా చాలామంది. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆయాగా చేస్తూ, మొగుడు దూరాన ఉన్నా కూతురు ఫ్లోరాని ఒంటిచేత్తో పెంచింది. పెళ్ళికి ముందే ఆమె జోజికి ఒకటే షరతు పెట్టింది, తాగకూడదని. అతను తాగేవాడు కాదు. రుచి చూసి ఉమ్మేసేవాడు, పని అలాంటిది కాబట్టి. ఆ తేడా ఆమెకి వివరించి చెప్పే ధైర్యం అతనికి ఎన్నడూ రాలేదు. ద్రాక్షరసం ఫ్యాక్టరీ అనేవాడు. ఆమె వినేది. ఒక్క సీసా కూడా గుమ్మం దాటి లోపలికి రాలేదు.

కరోనా ఏడాది ఫ్యాక్టరీ సగం మందిని తీసేసింది. జోజి బట్టల సంచీతో వచ్చేశాడు. మళ్ళీ ఆటోనగర్ షెడ్లు, గేట్లు, కిటికీ గ్రిల్సు. అలా ఒక గేటు పని మీదే ఆనందపురం వెళ్ళాడు.

హైవే దిగి లోపలికి వెళ్తే, కొండవాలులో ఒకప్పటి జీడితోట. దాన్ని శ్రీనివాసరావు అనే బిల్డరు కొని వెంచరు వేస్తున్నాడు. ఫాంహౌసు ప్లాట్లు. చుట్టుపక్కల అలాంటి వెంచర్లు చాలా ఉన్నాయి. ఒకాయన మామిడి మొక్కలు పెడితే ఇంకొకాయన ఎర్రచందనం పెట్టాడు. శ్రీనివాసరావు కొత్తదేదైనా కావాలని తిరుగుతున్నాడు. గేటు బిగిస్తున్న వెల్డరు నాసిక్ ద్రాక్షతోటల్లో చేశాడని తెలిసేసరికి కుర్చీ తెప్పించి కూర్చోబెట్టాడు.

"ఇక్కడ ద్రాక్ష వస్తుందాండీ?" అన్నాడు.

"రాదు సార్" అన్నాడు జోజి. "ఇక్కడ గాల్లోనే నీరుంటాది. ఆకుకి బూజు పట్టేస్తాది. పండే టయానికి తుపాను వచ్చినా వస్తాది."

"పండకపోయినా పచ్చగా ఉంటుంది కదా?"

జోజి అది హాస్యమనుకుని నవ్వాడు. కానీ ఆ సాయంత్రం ఇంటికొచ్చి నాతో అన్న మాట వేరు. "కొండవాలు ఉన్నాది మేస్టారూ. నీరు నిలవదు. ఎర్రమట్టి. పైనించి గాలి దిగుతాది. తీగల్ని ఎత్తుగా కట్టి, ఆకు పల్చగా ఉంచితే ఏమో..." ఆ ఏమో అనే మాట దగ్గరే అతను దొరికిపోయాడని నాకు ఇప్పుడు అనిపిస్తుంది.

రెండో వారంలో శ్రీనివాసరావు అతన్ని జీతానికి పెట్టుకున్నాడు. నాసిక్ నుంచి అంటుమొక్కలు లారీలో వచ్చాయి. నల్లరకం, షిరాజ్ అంటారు. వాటితోపాటే హైవే మీద పెద్ద హోర్డింగు లేచింది. పచ్చటి తోట బొమ్మ, మధ్యలో చేతిలో గుత్తి పట్టుకుని జోజి. కింద 'నాసిక్ వైన్ మాస్టర్ జోజి గారి పర్యవేక్షణలో' అని రాసి ఉంది. నేను బస్సులో వెళ్తూ చూశాను. అతని మొహం అంత శుభ్రంగా నేనెప్పుడూ చూడలేదు. కృపావతి మాత్రం ఆ రూటు బస్సు ఎక్కడం మానేసింది.

తోటలో అతనికి తోడు సన్యాసిరాజు. ఆ జీడితోట ఒకప్పుడు వాళ్ళ వంశానిదే. అన్నదమ్ములు కలిసి అమ్మేశాక, ఆ భూమి మీదే కాపలా మనిషిగా కుదిరాడు. ఇద్దరిదీ ఇంచుమించు ఒకే వయసు. మొదటిరోజు నుంచే బావా అంటే బావా.

"బావా, జీడిమామిడికి ఇన్ని సేవలు ఎవులు సేసినారు? దానంతట అదే కాసింది" అనేవాడు సన్యాసిరాజు, మైలుతుత్తం, సున్నం కలిపిన నీళ్ళు ఆకుల మీద కొడుతూ.

"ఇది నీ జీడిమామిడి కాదు బావా. ఇది పసిగుంట. తుమ్మినా జొరమొస్తాది" అనేవాడు జోజి.

మొదటి ఏడాది సగం తీగలు బూజు తెగులుకి పోయాయి. పోయినచోట మళ్ళీ నాటారు. రెండో ఏడాది కార్తీకంలో పెద్ద వాన పట్టుకుని వేసిన పూత అంతా రాలిపోయింది. జోజి రాలిన పూతని చేత్తో ఎత్తి చూపిస్తే శ్రీనివాసరావు, "ఆకులున్నాయి కదా, ఆదివారం పార్టీలొస్తున్నారు, ఆ రాలినదంతా ఊడ్పించెయ్" అన్నాడు. అప్పటికి గారు పోయి, నువ్వు వచ్చేసింది. ఆదివారాల్లో కార్లలో వచ్చినవాళ్ళకి జోజి తెల్లచొక్కా వేసుకుని, బజార్లో కొన్న వైను గ్లాసుల్లో పోసి ఇవ్వాలి. ఇది ఇక్కడిదేనా అని అడిగితే నవ్వాలి. ఔననకూడదు, కాదనకూడదు. అది శ్రీనివాసరావు నేర్పిన పద్ధతి. ఆ నవ్వు నవ్వి వచ్చిన రోజు జోజి అన్నం సరిగ్గా తినేవాడు కాదని కృపావతి మా ఆవిడతో చెప్పింది.

"మానేయొచ్చు కదా?" అన్నాను ఒకసారి.

"సెట్లు నావి మేస్టారూ" అన్నాడు. "ఈ ఒక్క పంట సూసి మానీస్తాను."

మూడో ఏడాది వానలు ఎందుకో దయతలిచాయి. దీపావళి ముందు కత్తిరించిన తీగలు ఒక్కసారిగా చిగిర్చాయి. పూత నిలిచింది. సంక్రాంతి పోయేసరికి గుత్తులు నల్లబడటం మొదలైంది. గోరింకలు, చిలకలు వాలకుండా జోజి ఫిషింగ్ హార్బరుకి వెళ్ళి పాత వలలు తెచ్చి తీగల మీద కప్పాడు. సన్యాసిరాజు ముక్కు మూసుకుని, "ద్రాక్షపళ్ళకి సేపల కంపు కొడతాది బావా, ఇదేటి వైనో" అని నవ్వాడు. ఆ వలలు ఉతకడానికి వాళ్ళిద్దరికీ ఒక రోజంతా పట్టింది.

ఆ రోజుల్లోనే జోజి చర్చిలో ఫాదర్‌ని కలిశాడు. పూజలో వాడే ద్రాక్షారసం ఎక్కడో బెంగుళూరు వైపు నుంచి వస్తుంది. మన తోటలో పండినది బలిపీఠం మీద పెట్టొచ్చా అని అడిగాడు. ఫాదర్, "ఏమీ కలపని శుద్ధమైన ద్రాక్షరసం అయ్యుండాలి జోజీ. లైసెన్సు అవీ సక్రమంగా వచ్చాక తీసుకురా, బిషప్ గారిని అడుగుదాం" అన్నారు.

ఈ మాట విన్నాక కృపావతి మొదటిసారి మెత్తబడింది. ఇన్నేళ్ళూ తన మొగుడు సారా లాంటిదేదో కాస్తున్నాడని లోపల బాధ. అది బలిపీఠం ఎక్కేదయితే, ఫాదర్ చేతిలోని పాత్రలోకి వెళ్ళేదయితే, అది వేరు. మాఘమాసంలో ఒక ఆదివారం ఫ్లోరాని వెంటబెట్టుకుని ఆనందపురం వెళ్ళింది. పళ్ళు కోసే రోజది. నన్నూ మా ఆవిణ్ణీ కూడా జోజి పిలిచాడు. కృపావతి చీరకొంగు నడుముకి దోపి, గుత్తికింద చెయ్యి పెట్టి, కత్తెరతో ఒక్కో గుత్తినీ కోసి గంపలో నెమ్మదిగా దించుతుంటే జోజి తన పని మానేసి చూస్తూ నిలబడ్డాడు.

"ఏటి అలగ సూత్తన్నావ్?" అంది.

"ఏటీ లేదు. అలగే కొయ్యి. బాగా కోత్తన్నావ్."

ఆమె ఒక పండు నోట్లో వేసుకుంది. "గింజలెక్కువ. తొక్క మందం" అంది. "కానీ తియ్యగుంది." ఎండకి ఆమె మొహం ఎర్రబడి ఉంది. వాళ్ళిద్దరూ పక్కపక్కన నిలబడి అలా మాట్లాడుకోవడం నేను చూసిన సందర్భాలు చాలా తక్కువ.

కోసిన పళ్ళు షెడ్డులో గంపల నిండా ఉన్నాయి. శ్రీనివాసరావు తెస్తానన్న లైసెన్సు మాత్రం రాలేదు. ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. లైసెన్సు లేకుండా పళ్ళు నలపకూడదని జోజికి తెలుసు. నాసిక్‌లో అంతకాలం చేసినవాడికి అది తెలియకపోవడమేమిటి? శ్రీనివాసరావుకి ఫోన్ చేశాడు.

"పేపర్లు పై ఆఫీసులో ఉన్నాయి జోజీ. ఇవాళో రేపో వచ్చేస్తాయి. నువ్వు మొదలెట్టు. హోలీకి బయ్యర్లకి పెద్ద ప్రోగ్రాం పెట్టాను. మన సొంత వైను అని చెప్పేశాను" అన్నాడు ఆయన.

"కాగితం రాకుండా తప్పు కదా సార్?"

"అన్నీ నేను చూసుకుంటా అంటున్నాను కదా? పళ్ళు కుళ్ళబెడతావా మరి?"

పళ్ళు ఆగవు. ఎండ ముదురుతోంది. గంపల అడుగున అప్పుడే రసం కారి ఈగలు ముసురుతున్నాయి. మూడేళ్ళ పంట. జోజి గంపల దగ్గర కాసేపు కూర్చున్నాడు. తర్వాత లేచి చేతులు కడుక్కున్నాడు.

ట్యాంకు అతనే అతికాడు. మనిషి ఎత్తు స్టీలు ట్యాంకు. తొక్కలతో సహా రసం అందులో పోశాక, రోజూ ఉదయం, సాయంత్రం పైకి తేలిన తొక్కల్ని కిందికి తొక్కేవాడు. ఆ పక్షం రోజులూ అతను ఇంటికి వచ్చింది తక్కువ. వచ్చినప్పుడు చేతులు ఊదారంగులో ఉండేవి. కృపావతి ఆ చేతులకే అన్నం కంచం అందించేది. పులియడం తగ్గి, రసం తొక్కల నుంచి వేరుచేశాక, నా కోసం చిన్న గ్లాసులో పోసి షెడ్డుకి పిలిచాడు. నాకు వైను సంగతి తెలియదు. కొంచెం వగరుగా, పచ్చిగా, చివర మిరియం ఘాటులాంటిదేదో తగిలింది.

"ఎలగుంది?"

"నాకు తెలీదయ్యా. బాగానే ఉన్నట్టుంది."

"బాలేదు మేస్టారూ" అన్నాడు నవ్వుతూ. "ఇంకా కుర్రతనం. నాసిక్ దాని ముందు ఇది నిలబడదు. కానీ తప్పులేటీ లేవు. ఒక్కటి కూడా లేదు. ఆర్నెల్లు ఆగితే మాట వింటాది."

ఆరు నెలలు కాదు, ఆరు రోజులు కూడా ఆగలేదు. హోలీ ప్రోగ్రాం గురించి శ్రీనివాసరావు మనుషులు ఫేస్‌బుక్‌లో వీడియో పెట్టారు. అందులో జోజి ట్యాంకులో తొక్కల్ని తొక్కుతున్నాడు. 'మన వైజాగ్ సొంత వైను, రండి, రుచి చూడండి' అని పాట. ఎవరు ఫిర్యాదు చేశారో తెలియదు. పక్క వెంచరువాళ్ళేనని కొందరన్నారు. బుధవారం మధ్యాహ్నం ఎక్సైజ్ జీపు వచ్చింది.

జోజి పారిపోలేదు. వాళ్ళకి ట్యాంకు చూపించాడు, పళ్ళు చూపించాడు, తోట చూపించాడు. లైసెన్సు ఏదయ్యా అని అడిగితే సార్‌ని అడగండి అన్నాడు. సార్ ఫోన్ ఎత్తలేదు. సాయంత్రం ఆయన తరపున మేనేజరు ఉదయ్‌కుమార్ వచ్చి, ఒక స్టేట్‌మెంటు ఇచ్చాడు. వెంచరులో ద్రాక్షతీగలు అలంకారం కోసం వేసినవనీ, జోజి తోటమాలి మాత్రమేననీ, షెడ్డులో సొంతంగా అతను ఏం కాస్తున్నాడో యాజమాన్యానికి తెలియదనీ, వీడియో ఉత్త నటన అనీ. దానికింద సాక్షిగా సన్యాసిరాజు సంతకం పెట్టాడు.

శాంపిలు సీసాల్లో పట్టుకుని సీలు వేశాక, పద్ధతి ప్రకారం మిగతాది పారబోయాలి. ట్యాంకు అడుగున కుళాయి ఉంది. పారబోయడానికి వచ్చినవాళ్ళకి అది తిప్పడం రాలేదు. ఎటువైపు తిప్పాలో జోజి చెప్పాడు. ఈ సంగతి నాకు సన్యాసిరాజు చెప్పాడు, జోజి ఎప్పుడూ చెప్పలేదు. ఎర్రటి రసం ఎర్రమట్టిలోకి పోతుంటే ఎక్కడ తడిసిందో కూడా తెలియలేదట. వాసన మాత్రం కొండ దిగువ దాకా వచ్చిందట.

మర్నాడు ఒక పేపర్లో జిల్లా పేజీలో ఫోటో పడింది. ఖాళీ ట్యాంకు, పక్కన నేలమీద కూర్చున్న జోజి, వెనక నిలబడ్డ సిబ్బంది. 'ఆనందపురంలో సారా డెన్ గుట్టురట్టు' అని హెడ్డింగు. వైను అన్న మాట వార్తలో ఎక్కడా లేదు. ఊదారంగు చేతులు మాత్రం ఫోటోలో నల్లగా, మసి పూసుకున్నట్టు పడ్డాయి.

కృపావతి ఆసుపత్రిలో డ్యూటీలో ఉండగా ఎవరో ఆ పేపరు తెచ్చి చూపించారు. ఆమె దాన్ని మడిచి, చేతిలోని బెడ్‌పాన్ కడిగి, డ్యూటీ పూర్తిచేసి ఇంటికొచ్చింది. గేటు దగ్గర మా ఆవిడ కనిపిస్తే అన్న మాట ఒక్కటే. "మా నాన్న తాగి పోనాడు. ఈయన కాసి పోనాడు."

రిమాండులో ఉండగా నేనూ ఫ్లోరా వెళ్ళి చూశాం. కృపావతి రాలేదు. జోజి మమ్మల్ని చూడగానే, "తీగలకి నీరెవులు పెడతన్నారు?" అన్నాడు. ఫ్లోరా డిగ్రీ రెండో ఏడాది. మెతకపిల్ల. అలాంటి పిల్ల ఆ రోజు ఒక్కసారిగా అరిచింది.

"నాన్నా, నా ఫ్రెండ్స్ ఫోన్లన్నిట్లో నీ ఫోటో ఉన్నాది. అమ్మ ఎవులితోనీ మాట్లాడతం లేదు. నీకు తీగలా?"

జోజి తల దించుకున్నాడు. తర్వాత బయటికి వచ్చేదాకా తోట మాట ఎత్తలేదు.

బెయిలు లాయరు భ్రమరాంబ గారు ఇప్పించారు. నా పాత స్టూడెంటు ఆవిడ. షరతు ఏమిటంటే కేసు తేలేదాకా జిల్లా దాటకూడదు. ఇంటికొచ్చిన జోజికి కృపావతి అన్నం పెట్టింది, నీళ్ళు తోడింది. మాటలు మాత్రం కరువయ్యాయి. అంతకుముందు మాఘంలో ఆ తోటలో మేం చూసిన కృపావతి మళ్ళీ బయటికి రాలేదు. రెండో ఆదివారం జోజి చర్చికి వెళ్ళాడు. పూజ అయ్యాక ఫాదర్ అతన్ని పక్కకి పిలిచారు.

"కేసు అయ్యేదాకా కొంచెం వెనక బెంచీలో కూర్చో జోజీ. కానుకల పళ్ళెం వేరేవాళ్ళు పట్టుకుంటారు. తప్పుగా అనుకోకు. పెద్దలు అడుగుతున్నారు."

"తప్పేటుంది ఫాదర్" అన్నాడు జోజి. ఆ తర్వాత వెళ్ళడం మానేశాడు.

సన్యాసిరాజు ఒకసారి గోపాలపట్నం వచ్చాడు. నేను అరుగు మీదే ఉన్నాను. చాలాసేపు చెప్పులు విప్పకుండా గేటు దగ్గరే నిలబడ్డాడు.

"రా బావా" అన్నాడు జోజి.

"ఆ కాగితం మీద ఏటి రాసినారో నాకు తెల్దు బావా. పెట్టమంటే పెట్టీసినాను."

జోజి అతని వంక చూశాడు. "తెలిస్తే పెట్టకపోదువా?"

సన్యాసిరాజు చెప్పులు విప్పి అరుగు మీద కూర్చున్నాడు. "పెడుదును" అన్నాడు. "కాపలా పని పోతే నాను ఎక్కడికెల్తాను? అది మా తోట. ఇప్పుడు ఆ గేటుకాడ ముక్కాలిపీట ఒక్కటే నాది."

"అదీ నిజవే" అన్నాడు జోజి. ఇద్దరూ టీ తాగారు. బావా అన్న పిలుపు పోలేదు గానీ, సన్యాసిరాజు ఆ తర్వాత జోజి వాళ్ళింటి గేటు తియ్యలేదు. వెళ్ళేముందు మాత్రం చెప్పాడు, తీగలన్నీ జేసీబీతో పీకించేశారని. ప్లాట్లు అమ్ముడైపోయాయట. కొన్నవాళ్ళకి చెట్టు అక్కర్లేదు, జాగా కావాలి. వెంచరు పేరు మాత్రం మార్చలేదు. ద్రాక్షతోట అనే అంటున్నారు.

వానాకాలంలో నాసిక్ నుంచి ఫోన్ వచ్చింది. పాత సూపర్‌వైజరు. ఫ్యాక్టరీలో ట్యాంకుల సెక్షనుకి పాత మనిషి ఒకడు కావాలి, వెంటనే వచ్చెయ్ అన్నాడు. జోజి ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని మరాఠీలో ఏదో మాట్లాడాడు. బెయిలు షరతు సంగతి చెప్పలేక, ఇంట్లో బాగాలేదని చెప్పినట్టున్నాడు. పెట్టేశాక భ్రమరాంబ గారి ఆఫీసుకి వెళ్దామన్నాడు.

"కేసు కొట్లాడదాం జోజి గారూ" అన్నారు ఆవిడ. "వీడియో ఉంది, హోర్డింగు ఉంది. యజమానిని లాగొచ్చు. కానీ టైం పడుతుంది. ఏళ్ళు పట్టొచ్చు."

"తొందరగా అయ్యే దారి ఏటుంది మేడం?"

"నేరం ఒప్పుకోవడం. మొదటిసారి కాబట్టి చిన్న శిక్షతో పోవచ్చు. కానీ ఒప్పుకున్నట్టు రికార్డులో ఉండిపోతుంది."

"కాగితం లేకుండా సేసినాను. అది నిజవే కదా" అన్నాడు. "ఒప్పుకుంటాను. నాసిక్ ఎల్లిపోతాను."

అది కూడా వెంటనే కాలేదు. వాయిదా మీద వాయిదా పడింది. దసరా వెళ్ళింది, క్రిస్మస్ వెళ్ళింది. ఈలోగా జోజి ఒక డెయిరీలో పాల ట్యాంకులు కడిగే పనికి కుదిరాడు. పగుళ్ళు వస్తే వెల్డింగు కూడా చేసేవాడు. ఒకసారి నాతో అన్నాడు, "పాల ట్యాంకు సప్పుడు సెయ్యదు మేస్టారూ. సప్పుడు సేసిందంటే పాలు పోనట్టే." నవ్వుతూనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

చివరికి ఫిబ్రవరిలో కేసు పిలుపుకి వచ్చింది. కోర్టుకి నేను తోడు వెళ్ళాను. కృపావతికి డ్యూటీ. సెలవు అడగలేదు. జోజి ఆదివారాలు వైను పోసేటప్పుడు వేసుకునే తెల్లచొక్కా తప్ప మరో మంచి చొక్కా లేక అదే వేసుకున్నాడు.

అతని నంబరు పిలిచేసరికి మధ్యాహ్నం దగ్గర పడింది. గుమాస్తా అభియోగం గబగబా చదివాడు. అనుమతి లేకుండా నాటుసారా తయారుచేసి నిల్వ ఉంచినందుకు, అని.

జోజి తలెత్తాడు. "అయ్యా, సారా కాదండి. వైనండి" అన్నాడు.

మేజిస్ట్రేటు గారు కాగితాల్లోంచి చూశారు. విసుగులేదు ఆ చూపులో, అలసట ఉంది. భ్రమరాంబ గారు జోజి వైపు తిరిగి మెల్లగా అన్నారు, "ఇప్పుడు దాన్ని దిద్దాలంటే మళ్ళీ వాయిదా పడుతుంది. మీ ఇష్టం."

జోజి బోనులో చెక్కని పట్టుకుని నిలబడ్డాడు. చేతులకి ఇప్పుడు ఏ రంగూ లేదు. డెయిరీ మందునీళ్ళకి తెల్లగా పొడిబారి ఉన్నాయి.

"నేరం ఒప్పుకుంటున్నావా?" అని అడిగారు మేజిస్ట్రేటు గారు.

"ఒప్పుకుంటన్నానండి" అన్నాడు.

జరిమానా, కోర్టు లేచేదాకా శిక్ష. అంటే ఆ రోజు కోర్టు ముగిసేవరకు ఆ హాల్లోనే ఒక పక్కన కూర్చోవాలి, బయటికి కదలకూడదు. పోలీసు చూపించిన బెంచీ మీద జోజి కూర్చున్నాడు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. నాసిక్‌కి ఫోన్ చేశావా అని అడిగాను.

"సేసినాను. ఆ పనికి మనిషి దొరికిపోనాడంట, సంక్రాంతికే" అన్నాడు.

భూతగాదాలు, మోటారు సైకిలు యాక్సిడెంటు, ఎవరో మొగుడూ పెళ్ళాల పంచాయితీ, ఒకదాని తర్వాత ఒకటి పిలుస్తున్నారు. జోజి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, ఒక్కో కేసూ మొదటినుంచి చివరిదాకా, ఎవరేం చెబుతున్నారో శ్రద్ధగా విన్నాడు. ఎండ కిటికీ దాటి అవతలి గోడ మీదికి పోయింది. అందరూ లేచి నిలబడ్డా, కోర్టు అయిపోయిందని నేను చెబితేగాని అతను లేవలేదు.